మేకలు ఈచుకుపోతే అడవి పిల్లికి విషం పెట్టాలా? టాక్సోప్లాస్మా గురించి రైతులు తెలుసుకోవలసిన సంగతులు

చెరకు నరికే రోజుల్లో గజపతినగరం, మెంటాడ, దత్తిరాజేరు వైపు ఊళ్ళ నుంచి ఏటా ఒకటి రెండు ఫోన్లు వస్తాయి. "సార్, తోటలో పులిపిల్లలున్నాయి, కూలీలు దిగనంటున్నారు" అని. 2022లో పెద్దపులి మన జిల్లాలోకి వచ్చి పశువులను చంపిన తర్వాత ఈ భయం ఇంకా పెరిగింది. వెళ్ళి చూస్తే దాదాపు ప్రతిసారీ అవి జంగుపిల్లి కూనలే. ఒక పూట ఆ చాళ్ళు వదిలేస్తే తల్లి వచ్చి నోట కరచుకుని తీసుకుపోతుంది.

కొన్నేళ్ళ క్రితం వచ్చిన ఒక ఫోను మాత్రం వేరు. కొండ దిగువ ఊళ్ళో ఒక రైతుకు ముప్పై దాకా మేకలు. రెండు వారాల్లో ఏడు చూడి మేకలు ఈచుకుపోయాయి. సాల వెనక గడ్డికుప్ప కింద ఇంటి పిల్లి ఈని ఉంది. కుప్పకు ఆవల చెరకు తోటలో జంగుపిల్లి తిరుగుతోంది. ఎవరో సెల్‌ఫోనులో చదివి "ఇది పిల్లి రోగం, అడవి పిల్లిదైతే మరీ విషం" అని చెప్పారట. నేను వెళ్ళేసరికి ఆయన పురుగుమందు గుళికలు కలిపిన చేప ముక్కలు చెరకు గట్టు మీద పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. మరో సంగతి ఇంట్లో ఆడవాళ్ళు చెప్పారు: కోడలికి నాలుగో నెల. ఈచుకుపోయిన మేకల మాయ ఎత్తి పారేసింది ఆమే.

నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి, పశువైద్యుణ్ణి కాదు. అందుకని ఆ రోజు పశువైద్యాధికారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన రక్తం, మాయ నమూనాలు తీసి పంపారు. బ్రూసెల్లా లేదని తేలింది. ఈచుకుపోయిన మేకల్లో ఎక్కువ వాటికి టాక్సోప్లాస్మా ఉన్నట్టు వచ్చింది. రైతు అడిగిన ప్రశ్నలు మూడు: పిల్లి నుంచే వచ్చిందా? అడవి పిల్లిదైతే ఎక్కువ ప్రమాదమా? కోడలి సంగతి ఏమిటి? మూడింటికీ వివరంగా జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

ఏమిటీ జీవి?

టాక్సోప్లాస్మా గోండై అనేది కంటికి కనపడని ఏకకణ పరాన్నజీవి. 1908లో ట్యునీషియాలో నికోల్, మాన్సో అనే శాస్త్రజ్ఞులు గుండి అనే ఎలుక జాతి జంతువులో దీన్ని మొదట చూశారు. అదే ఏడాది బ్రెజిల్‌లో స్ప్లెండోర్ కుందేలులో చూశాడు. పిల్లికి, దీనికి ఉన్న సంబంధం తేలడానికి మాత్రం మరో అరవై ఏళ్ళు పట్టింది. 1970 ప్రాంతంలో ఆ చిక్కుముడి విప్పినవారిలో భారతదేశంలో పుట్టి, ఇక్కడే పశువైద్యం చదివి అమెరికా వెళ్ళిన జితేంద్ర ప్రకాశ్ దూబే ఒకరు.

మేక, గొర్రె, పంది, కోడి, ఎలుక, పిట్ట, మనిషి, ఇలా వెచ్చని నెత్తురున్న ఏ ప్రాణిలోనైనా ఇది బతకగలదు. కండలో, మెదడులో చిన్న తిత్తులు కట్టుకుని ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. కానీ ఆడ, మగ కణాలుగా మారి, కలిసి, గుడ్డు లాంటి ఊసిస్టులను తయారు చేసేది పిల్లి జాతి జంతువు పేగులో మాత్రమే. ఎందుకు పిల్లిలోనే అన్నది 2019లో అమెరికా పరిశోధకులు తేల్చారు. లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని మార్చే ఒక ఎంజైము పిల్లి పేగులో పనిచేయదు. అందువల్ల ఆ ఆమ్లం అక్కడ పేరుకుంటుంది, ఈ పరాన్నజీవికి కావలసినది అదే. పొద్దుతిరుగుడు, సోయా నూనెల్లో ఎక్కువగా ఉండే ఆమ్లమే ఇది.

పిల్లి రోగమున్న ఎలుకనో పిట్టనో తిన్న మూడు నుంచి పది రోజుల్లో దాని పెంటలో ఊసిస్టులు పడడం మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు వారాల పాటు లక్షల్లో, కోట్లలో పడతాయి. ఆ తర్వాత పిల్లికి నిరోధక శక్తి వచ్చి ఆగిపోతుంది, మళ్ళీ పడడం అరుదు. అంటే లెక్కలోకి తీసుకోవలసినది ముసలి పిల్లి కాదు, అప్పుడే వేట నేర్చుకుంటున్న కూన. సాల వెనక కుప్ప కింద పిల్లి ఈనిందంటే రెండు మూడు నెలల్లో ఆ చోట నాలుగైదు కూనలు ఒక్కొక్కటిగా ఈ దశ దాటుతాయని అర్థం. మేకలకు ఏ తవుడు, ఏ గడ్డి వేస్తున్నామో ఆ రోజుల్లోనే చూసుకోవాలి.

పెంటలో పడిన వెంటనే ఊసిస్టు ఏమీ చేయదు. గాలి, తేమ తగిలి ఒకటి నుంచి ఐదు రోజుల్లో పక్వానికి వచ్చాకే రోగం కలిగిస్తుంది. నీడలో, తేమ మట్టిలో ఏడాదికి పైగా బతుకుతుంది. బ్లీచింగ్ పౌడరుకు, ఫినాయిలుకు చావదు. మరిగే నీళ్ళకు, నిప్పుకు, బాగా ఎండిన వేడికి చస్తుంది.

మన వైపు పిల్లి జాతులు ఏవి?

జంగుపిల్లి చెరకు, గోగు తోటల్లోను, చంపావతి ఒడ్డు తుంగలోను ఉంటుంది. ఇంటి పిల్లి కంటే కాళ్ళు పొడవు, తోక పొట్టి, చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు. కొండల్లో చిరుత పిల్లి, నామాల పిల్లి ఉన్నాయి. నామాల పిల్లి ప్రపంచంలోకెల్లా చిన్న అడవి పిల్లుల్లో ఒకటి, పెరిగినా ఇంటి పిల్లి కంటే చిన్నదే. నీటి పిల్లి గోదావరి, కృష్ణా డెల్టా మడ అడవులది, కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో కనిపిస్తుంది. చిరుతపులి, పెద్దపులి కూడా పిల్లి కుటుంబమే, వాటిలోనూ ఈ చక్రం నడుస్తుంది.

పునుగు పిల్లికి పేరులో పిల్లి ఉంది గాని అది పిల్లి కుటుంబం కాదు. తిరుమల శ్రీవారి అభిషేకానికి వాడే పునుగు తైలం ఇచ్చే జీవి ఇదే. దాని పెంటలో టాక్సోప్లాస్మా ఊసిస్టులు రావు. జీడి తోటల్లో పునుగు పిల్లిని చూసి "పిల్లి రోగం" అని కొట్టి చంపిన ఊళ్ళు నాకు తెలుసు, అందుకే ఇంత చెబుతున్నాను.

అన్ని రకాలూ ఒకటి కావు

రైతు అడిగిన రెండో ప్రశ్న ఇది. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి. వరి అగ్గితెగులు సంగతి మీకు తెలుసు. శిలీంధ్రం ఒకటే, కానీ దానిలో తెగలు చాలా. ఒక తెగ సాంబ మసూరి (బి.పి.టి. 5204) మీద విరుచుకుపడుతుంది, అదే తెగ మరో వంగడాన్ని ఏమీ చేయలేకపోవచ్చు. టాక్సోప్లాస్మాలోనూ అలాంటి తెగలున్నాయి.

1990లలో యూరప్, ఉత్తర అమెరికా నమూనాలను చూసినప్పుడు దాదాపు అన్నీ మూడు తెగల్లోనే పడ్డాయి. వాటికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టారు. ప్రయోగశాల చుంచెలుక ఒంట్లోకి ఒకటో తెగ పరాన్నజీవి ఒక్కటి వెళ్ళినా చాలు, ఎలుక చస్తుంది. రెండో తెగవైతే వందలు, వేలు కావాలి. మూడో తెగకు అంతకన్నా చాలా ఎక్కువ. ఉగ్రత అని శాస్త్రజ్ఞులు లెక్కగట్టేది ప్రధానంగా ఈ కొలతతోనే.

మూడే తెగలు ఎందుకున్నాయి? దీనికి జవాబు విత్తనం కట్టే రైతుకు తేలికగా అర్థమవుతుంది. వరి తన పుప్పొడితో తానే విత్తు కడుతుంది కాబట్టి స్వర్ణ విత్తనం వేస్తే స్వర్ణే వస్తుంది. పిల్లి ఒకే తెగ ఉన్న ఎలుకను తింటే దాని పేగులో ఆడ కణమూ ఆ తెగదే, మగ కణమూ ఆ తెగదే. పుట్టేది అచ్చు అదే తెగ. పిల్లి ఒకేసారి రెండు తెగలు తింటేనే సంకరం జరుగుతుంది. ఊరి పిల్లి చిన్నప్పుడే ఒక తెగ తిని నిరోధక శక్తి తెచ్చుకుంటుంది కనుక ఆ అవకాశం తక్కువ. ఎన్నో రకాల ఎరను, ఎన్నో తెగలను ఒక్కచోట తినే అడవి పిల్లుల దగ్గర సంకరానికి అవకాశం ఎక్కువ.

పరిశోధన ఊళ్ళు దాటి అడవుల్లోకి వెళ్ళేకొద్దీ తెగల లెక్క పెరిగింది. 2014లో ప్రపంచం నలుమూలల నుంచి తీసిన 1457 నమూనాలను కలిపి చూస్తే 189 జన్యు రకాలు వచ్చాయి. ఉత్తర అమెరికా వన్యప్రాణుల్లో నాలుగో తెగ ఒకటి విస్తారంగా ఉందని తేలింది. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా అమెజాన్ అడవిలో, ఒక దానితో ఒకటి పోలని రకాలు కుప్పలుగా ఉన్నాయి. చైనాలో మరో తెగ రాజ్యమేలుతోంది. 2022లో వచ్చిన ఒక జన్యు పరిశోధన ఇంకో ముక్క కలిపింది: మనుషుల వెంట ఇంటి పిల్లి ఓడలెక్కి ఖండాలు దాటినప్పుడు, ఇంటి పిల్లికి సరిపడే ఒక క్రోమోజోము ఉన్న తెగలు దానితో పాటు లోకమంతా పాకాయి.

మన దేశం సంగతి: పెరటి కోళ్ళ నుంచి వేరుచేసిన రకాలను 2003లో పరీక్షించినప్పుడు అవి రెండు, మూడు తెగలవని వచ్చింది. నేల మీద గింజలు ఏరుకు తినే నాటుకోడి ఆ నేలలో ఏముందో చెప్పే సాక్షి. అందుకే ప్రపంచమంతా ఈ పనికి ముందు కోడినే పట్టుకుంటారు.

ఉగ్రత ఎవరికి ఉగ్రత?

చుంచెలుకను చంపే తెగ అంటే మేకను కూడా చంపుతుందని కాదు. ఎలుక కణంలోకి పరాన్నజీవి దూరగానే, ఎలుక శరీరం కొన్ని ప్రొటీన్లను పంపి దాని చుట్టూ ఉన్న సంచిని పగలగొట్టిస్తుంది. ఒకటో తెగ తన దగ్గరున్న రెండు ప్రొటీన్లతో (రాప్18, రాప్5 అంటారు) ఆ ఆయుధాన్ని మొద్దుబారుస్తుంది. మనిషిలో ఈ ఎలుక ఆయుధమే లేదు, వేరే ఏర్పాట్లున్నాయి. కనుక ఎలుక మీద కొలిచిన ఉగ్రత మనిషికో, మేకకో నేరుగా వర్తించదు.

ఇందులో మన దక్షిణాది ఎలుకకు ఒక ముచ్చట ఉంది. 2013లో జర్మనీ పరిశోధకులు దక్షిణ భారతదేశం నుంచి పట్టి పెంచిన చుంచెలుకల వంశం మీద ఒకటో తెగను ప్రయోగించారు. ప్రయోగశాల ఎలుకలన్నీ చచ్చే చోట ఇవి బతికాయి. పరాన్నజీవి ఆయుధాన్ని అడ్డుకునే మరో ప్రొటీను ఈ ఎలుకల్లో ఉంది. అగ్గితెగులు తట్టుకునే జన్యువు, దాన్ని దాటే కొత్త తెగ, మళ్ళీ కొత్త వంగడం అని మనం వరిలో చూసే పోటీయే ఇక్కడ ఎలుకకు, పరాన్నజీవికి మధ్య నడుస్తోంది. ఎలుక చచ్చిపోతే పరాన్నజీవికి నష్టమే. ఎలుక బతికి, ఒంట్లో తిత్తులు మోస్తూ తిరిగి, పిల్లి నోట పడాలి. రోగమున్న ఎలుకలకు పిల్లి వాసన అంటే భయం తగ్గుతుందని కూడా ప్రయోగాల్లో చూశారు.

ఇక రెండో తెగ చూడండి. ఎలుక మీద చూస్తే సాధువు. కానీ యూరప్‌లో గొర్రెలు ఈచుకుపోవడానికి, మనుషుల్లో రోగానికి ఎక్కువగా కారణం ఆ తెగే. మేకలు ఈచుకుపోవడానికి అడవి నుంచి ఏ ఉగ్ర రకమూ రానక్కరలేదు. గడ్డికుప్ప కింద పుట్టిన ఇంటి పిల్లి కూన చాలు. ఆ రైతుకు ఆ రోజు నేను చెప్పింది ఇదే.

అడవి పిల్లుల రకాలు నిజంగా ప్రమాదం చేసిన ఉదాహరణలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. ఫ్రెంచ్ గయానాలో అడవి అంచు జనం, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులు కూడా, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదకు తెచ్చుకున్నారు. అక్కడి రకాలు అమెజాన్ అడవి చక్రానివి. కెనడాలోని విక్టోరియా పట్టణంలో 1995లో తాగునీటి ద్వారా ఈ రోగం వ్యాపించింది. గుర్తించిన కేసులే నూరు. రిజర్వాయరు పరిసరాల్లో ప్యూమా అనే పెద్ద అడవి పిల్లులు తిరుగుతున్నాయి, వాటి పెంటలో ఊసిస్టులు దొరికాయి. ఆ ప్యూమాల్లో మొదట గుర్తించిన అరుదైన రకమే 2020 నుంచి 2022 మధ్య కాలిఫోర్నియా తీరంలో నాలుగు సముద్రపు నీటికుక్కలను చంపింది. వానకు కొండ మీది పెంట కొట్టుకుపోయి సముద్రం దాకా చేరుతుందన్నమాట.

మన దేశంలో జరిగినది కోయంబత్తూరు సంగతి. 2004 సెప్టెంబరు నుంచి 2005 జూన్ దాకా అక్కడి అరవింద్ కంటి ఆసుపత్రికి టాక్సోప్లాస్మాతో కన్ను దెబ్బతిన్న 248 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది ఒకే రిజర్వాయరు నీళ్ళు తాగేవారు. మనకూ చంపావతి మీద ఆండ్ర జలాశయం ఉంది, ప్రతి ఊళ్ళో చెరువుంది, గట్టులేని బావులున్నాయి. కొండ వాలు నుంచి తొలకరి వరద దిగే నెలల్లో బావి నీళ్ళను మరిగించి తాగడం, బావికి గట్టు కట్టించుకోవడం, ఈ రెండూ ఈ జబ్బుకే కాక విరేచనాలకు, కామెర్లకు కూడా మందు.

విషం ఎందుకు పెట్టకూడదు

జంగుపిల్లి సహా అడవి పిల్లులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. చంపితే కేసు. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో చేసిన అధ్యయనం ప్రకారం ఒక జంగుపిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని తింటుంది. దాన్ని తీసేస్తే చెరకులో, వరిలో కోత పెట్టేది ఎలుకే, టాక్సోప్లాస్మాను మోసేదీ ఎలుకే. ఖాళీ అయిన చోటుకి కొత్తగా వయసుకొచ్చిన పిల్లి వస్తుంది, అది పెంటలో ఊసిస్టులు వేసే వయసు. విషం పెట్టిన చేప ముక్కను పిల్లే తింటుందని హామీ కూడా లేదు. ఊరకుక్క, నెమలి, పొరుగువాడి కోడి తిన్న సందర్భాలు చూశాను, గొడవలు తీర్చాను.

ఎలుకల కోసం బ్రోమాడయోలోన్ ఎర పెట్టేవారికి ఒక మాట. ఎర బొరియ లోపల పెట్టి మూసేయండి. చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చండి. విషం తిన్న ఎలుకను తిని పిల్లి, గుడ్లగూబ చస్తాయి, మరుసటి పంటకు ఎలుకలు రెట్టింపవుతాయి.

మేకలు, గొర్రెల్లో గుర్తులు, చేయవలసిన పని

చూడితో ఉండగా మొదటిసారి సోకితేనే నష్టం. చూడి తొలి రోజుల్లో అయితే పిండం కరిగిపోతుంది, మేక చూడి నిలవలేదనుకుంటాం. నడిమి నెలల్లో అయితే ఈచుకుపోతుంది, కొన్నిసార్లు ఎండి ముడుచుకుపోయిన పిండం పడుతుంది. చివర్లో అయితే చచ్చిన పిల్ల, లేవలేని బలహీనమైన పిల్ల. తల్లికి జ్వరం, మేత మానడం పెద్దగా కనిపించవు. మాయ మీది ఎర్రటి గుండీల్లో చిన్న తెల్ల చుక్కలు ఉండి, గుండీల మధ్య పొర మామూలుగా ఉంటే ఈ జబ్బును అనుమానించాలి. అయితే కంటితో చూసి తేల్చవద్దు. బ్రూసెల్లోసిస్, క్లమీడియా, లిస్టీరియా, పి.పి.ఆర్. వంటివి కూడా ఈచుకుపోయేలా చేస్తాయి. వాటిలో కొన్ని మనుషులకు మరింత ప్రమాదం.

ఒక మేక ఈచుకుపోతే దాన్ని మంద నుంచి విడదీసి, పిండం, మాయ రెండింటినీ చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని మరో సంచిలో వేసి, మూతి కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్ళండి. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే కొన్ని పరీక్షలకు పనికిరాదు. మిగిలినది లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. కుక్కకు, పిల్లికి విసరవద్దు. ఆ ఊళ్ళో మాయను పెంటపోగు మీద వేశారు, పిల్లి తింది, చక్రం అక్కడికక్కడే మళ్ళీ మొదలైంది.

ఈచుకుపోయిన మేకను వెంటనే అమ్మేయకండి. టాక్సోప్లాస్మా వల్లనే అని తేలితే ఆ మేకకు నిరోధక శక్తి వచ్చినట్టే, వచ్చే ఈత సాధారణంగా బాగానే నిలుస్తుంది. దాన్ని అమ్మి, ఈ రోగం ఎన్నడూ చూడని కొత్త చూడి మేకను తెస్తే కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. బ్రూసెల్లా అని తేలితే లెక్క వేరు, ఆ మేకను ఉంచకూడదు. పరీక్ష చేయించమనేది ఇందుకే. ఆ రైతు ఏడింటిలో రెండింటిని నేను వెళ్ళకముందే సంతకు తోలేశాడు. మిగిలిన ఐదూ మరుసటి ఏడు మామూలుగా ఈనాయి.

బ్రిటన్, న్యూజిలాండ్‌లలో గొర్రెలకు దీనికి టీకా ఉంది, మన దగ్గర అమ్మకంలో లేదు. మందులు పశువైద్యుడు చెప్పినవే వాడాలి. దాణాలో వాడే మోనెన్సిన్ వంటి మందులను సొంతంగా కలపవద్దు, మోతాదు మించితే మేకలు చస్తాయి, గుర్రమైతే తక్కువ మోతాదుకే చస్తుంది.

టీకా లేని చోట మేత కాపాడుకోవడమే దారి. తవుడు, చిట్టు, మొక్కజొన్న నూక మూతగల డ్రమ్ములో ఉంచండి. చూడి మేకలకు గడ్డికుప్ప అడుగు గడ్డి, పిల్లి పడుకునే వైపు గడ్డి వేయవద్దు, ఆవులకు వేయండి. ఆవులు, గేదెలు ఈ జబ్బును చాలావరకు తట్టుకుంటాయి. నీటి తొట్టి వారానికి ఒకసారి మరిగే నీళ్ళతో కడగండి. వేసవిలో సాల నేల పై మట్టి చెక్కి తీసి ఎండకు ఆరబెట్టాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఉండనివ్వండి, ఎలుకలకు అది కావాలి. కానీ కూనలు పెరగకుండా పశువైద్యశాలలో కుటుంబ నియంత్రణ ఆపరేషను వీలవుతుందేమో అడగండి. పెద్ద పిల్లులు రెండు నిలకడగా ఉంటే కొత్త కూనల కంటే మేలు. పచ్చి మాంసం, పేగులు పెట్టవద్దు.

ఇంట్లో గర్భిణి ఉంటే

కోడలి సంగతికి వస్తాను. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డకు చేరే ప్రమాదం ఉంది. తొలి నెలల్లో చేరే అవకాశం తక్కువ, చేరితే హాని ఎక్కువ: తలలో నీరు, మెదడు దెబ్బతినడం, చూపు పోవడం, గర్భస్రావం. చివరి నెలల్లో చేరే అవకాశం ఎక్కువ, హాని తక్కువగా కనిపిస్తుంది, అయితే ఆ బిడ్డలకు ఏళ్ళ తర్వాత కంటి జబ్బు రావచ్చు. గర్భానికి చాలా ముందే ఒకసారి సోకి ఉంటే తల్లి బిడ్డను కాపాడగలదు.

పిల్లిని నిమిరితే ఈ జబ్బు రావడం అరుదు. పిల్లి పెంట కలిసిన మట్టి చేతి ద్వారా నోట్లోకి పోవడం, సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, కలుషితమైన నీళ్ళు, ఇవీ దారులు. మన ఆడవాళ్ళు ఆకుమడి తీసి, కలుపు తీసి గట్టు మీదే చోడి అంబలి, చద్దన్నం తింటారు. పిల్లికి మెత్తగా దుక్కి చేసిన మడి అంటే మహా ఇష్టం. తినేముందు గోళ్ళ సందుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, పొలానికి సబ్బు ముక్క ఒకటి డబ్బాలో వేసుకుని వెళ్ళండి. గర్భిణి పెరటి మట్టి పని చేస్తే చేతి తొడుగులు వేసుకోవాలి. ఈచుకుపోయిన జీవాలను, మాయను, అప్పుడే ఈనిన మేకను ఆమె ముట్టుకోకూడదు, ఆ పని మగవాళ్ళు చేయాలి. ఇంట్లో పిల్లి పెంట ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ఊసిస్టు పక్వానికి రాదు, అదీ వేరొకరు చేయాలి. మేకపాలు ఎవరికైనా కాచే ఇవ్వండి. పిల్లలకు బలమని పచ్చి పాలు పట్టే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది.

పైడితల్లి పండుగ రోజుల్లో ప్రతి ఇంటా వేట తెగుతుంది. మాంసం లోపల ఎర్రదనం లేకుండా ఉడికితే తిత్తి చస్తుంది. వంట మధ్యలో ముక్క నోట్లో వేసుకుని ఉప్పు చూడడం గర్భిణి మానాలి. కత్తి, చెక్క, చేతులు కడిగాకే కూరగాయలు తరగాలి.

పరీక్ష విషయంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక. గర్భిణులకు ప్రైవేటు ల్యాబుల్లో చేసే టార్చ్ పరీక్షలో టాక్సోప్లాస్మా ఐజీఎం పాజిటివ్ అని రావడంతోనే కంగారుపడి గర్భం తీయించుకోవద్దు. ఈ ఐజీఎం పాత సోకుడు తర్వాత నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా కనిపిస్తుంది. తప్పుగా పాజిటివ్ రావడమూ ఉంది. సోకింది గర్భానికి ముందా, తర్వాతా అని తేల్చడానికి ఐజీజీ ఎవిడిటీ అనే మరో పరీక్ష ఉంది. తొలి నాలుగు నెలల్లో అది ఎక్కువగా వస్తే సోకింది గర్భానికి ముందే అని అర్థం. నిజంగా ఇప్పుడే సోకినా వాడడానికి మందులున్నాయి. ఏది వాడాలో ప్రసూతి వైద్యురాలు నిర్ణయించాలి. విజయనగరం ఘోషాసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు వెంట తీసుకెళ్ళండి, ఇంట్లో మేకలు ఈచుకుపోయిన సంగతి మీరే చెప్పండి. అడగకపోతే చెప్పరు మనవాళ్ళు. ఆ కోడలు కూడా మూడో నెల పరీక్షప్పుడు ఈ సంగతి చెప్పలేదు. ఆమెకు రెండో పరీక్షలో పాత సోకుడే అని వచ్చింది, బిడ్డ కులాసాగా పుట్టింది. హెచ్.ఐ.వి. ఉన్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు ఇంట్లో ఉంటే గర్భిణికి చెప్పిన జాగ్రత్తలన్నీ వాళ్ళకూ వర్తిస్తాయి.

కూరగాయలు పండించేవారికి

తోటకూర, కొత్తిమీర, గోంగూర మడులకు వేసే గత్తం బాగా చివికినదై ఉండాలి. పచ్చి పెంటపోగు అంచులు వేడెక్కవు కనుక రెండుసార్లు తిరగవేసి, లోపలిది పైకి, పైది లోపలికి తేవాలి. విత్తిన మడి మీద నాలుగు రోజులు ముళ్ళకంప పరిస్తే పిల్లి దిగదు. సంతకు తీసుకెళ్ళే ఆకుకూరను చెరువులో ముంచి తేవడం కంటే బోరు నీళ్ళతో కడగడం మంచిది.

రెండు వారాల్లో రెండుకు మించి మేకలో గొర్రెలో ఈచుకుపోతే ఆగి చూడవద్దు. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. గరివిడి పశువైద్య కళాశాల మనకు దగ్గరే. వెళ్ళేటప్పుడు మందలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఈచుకుపోయాయి, ఎన్నో నెలలో, ఈ మధ్య కొత్తగా కొన్న జీవాలున్నాయా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. చెరకులో జంగుపిల్లి కూనలు కనిపిస్తే వాటిని ముట్టుకోకుండా ఆ చాళ్ళు సాయంత్రం దాకా వదిలేయండి. మరుసటి రోజుకూ తల్లి రాకపోతే అటవీ శాఖకు చెప్పాలి.